జేమ్స్ విలియం మెక్‌బెయిన్

జేమ్స్ విలియం మెక్‌బెయిన్ (మార్చి 22, 1882 - మార్చి 12, 1953) కెనడాలో జన్మించిన సుప్రసిద్ధ భౌతిక రసాయన శాస్త్రవేత్త. కొల్లాయిడ్ రసాయన శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకడు. సబ్బు నీటిలో కరిగినప్పుడు దాని అయాన్లు విడివిడిగా ఉండిపోక గుంపులు కట్టి, విద్యుదావేశం కల పెద్ద రేణువులుగా ఏర్పడతాయని 1913లో ప్రతిపాదించాడు. ఈ గుంపులనే నేడు మిసెల్లు అంటున్నారు. సబ్బు, నీరు, ఉప్పు కలిసిన మిశ్రమాలలో ఏర్పడే ద్రవ స్ఫటిక ప్రావస్థలను క్రమపద్ధతిలో అధ్యయనం చేసి, వాటికి ప్రావస్థ పటాలు గీశాడు. ఘనపదార్థాలు వాయువులను పట్టి ఉంచుకునే ప్రక్రియకు సార్ప్షన్ అన్న పేరును, జియోలైట్ వంటి పదార్థాలకు అణు జల్లెడలు అన్న పేరును పెట్టింది కూడా ఇతడే. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు మొదటి డైరెక్టరుగా పనిచేశాడు. ఈయన మరణించిన 39 సంవత్సరాలకు, సబ్బులాంటి పదార్థాల ద్రవ స్ఫటికాలను అచ్చుగా వాడి కొత్తరకం అణు జల్లెడలను తయారు చేయడం సాధ్యమయింది. ఈయన వేరువేరుగా సాగించిన రెండు పరిశోధనలు ఆ విధంగా ఒకటయ్యాయి.

బాల్యం, విద్యాభ్యాసం

మెక్‌బెయిన్ 1882 మార్చి 22న కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రానికి చెందిన చాతమ్ పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం 1995లో పరిసర గ్రామాలతో కలిసి మిరమిషి నగరంలో భాగమయింది. టొరంటో విశ్వవిద్యాలయంలో చదివి ఎం.ఏ. పట్టా పొందాడు. పై చదువులకు జర్మనీ వెళ్ళి హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

ఆ రోజులలో భౌతిక రసాయన శాస్త్రం ఇంకా కొత్త విషయమే. లవణాలు నీటిలో కరిగినప్పుడు అయాన్లుగా విడిపోతాయన్న అరీనియస్ సిద్ధాంతం అప్పుడప్పుడే స్థిరపడుతూ ఉంది. ద్రావణంలో ఎన్ని రేణువులు ఉన్నాయో తెలుసుకోవడానికి మరుగు స్థానాన్ని, ఘనీభవన స్థానాన్ని, బాష్పపీడనాన్ని కొలిచే పద్ధతులు వాడుకలోకి వచ్చాయి. మెక్‌బెయిన్ ఈ పద్ధతులన్నింటినీ బాగా అభ్యసించాడు. తరువాతి కాలంలో సబ్బు రహస్యాన్ని ఛేదించడానికి ఇవే ఆయనకు సాధనాలయ్యాయి.

బ్రిస్టల్‌లో ఉద్యోగం

1906లో మెక్‌బెయిన్ ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అధ్యాపకుడుగా చేరాడు. అప్పటికి అది ఒక కళాశాల మాత్రమే. 1909లో విశ్వవిద్యాలయం అయింది. ఇక్కడే ఈయన సుమారు 20 సంవత్సరాలు పనిచేశాడు. 1919లో భౌతిక రసాయన శాస్త్రంలో లీవర్‌హ్యూమ్ ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. సన్‌లైట్ సబ్బుతో భారతదేశంలో కూడా పేరుపొందిన లీవర్ బ్రదర్స్ సంస్థ అధిపతి లార్డ్ లీవర్‌హ్యూమ్ పేరిట ఏర్పడిన పదవి ఇది. సబ్బును శాస్త్రంగా మార్చిన వ్యక్తి సబ్బుల వ్యాపారి పేరు గల పీఠాన్ని అలంకరించడం సముచితంగానే ఉంది.

సార్ప్షన్

మెక్‌బెయిన్ తొలి పరిశోధనలలో ముఖ్యమైనది బొగ్గు హైడ్రోజన్‌ను పట్టి ఉంచుకునే తీరుకు సంబంధించినది. బాగా చల్లబరచిన బొగ్గు మీదికి హైడ్రోజన్ వాయువును వదిలితే చాలా భాగం తక్షణమే బొగ్గుకు అంటుకుంటుంది. మిగిలినది గంటల తరబడి మెల్లగా లోపలికి వెళుతుంది. మొదటిది ఉపరితలం మీద జరిగే అధిశోషణం. రెండవది ఘనపదార్థం లోపలికి వ్యాపించే శోషణం. ఈ రెండూ ఒకేసారి జరుగుతున్నప్పుడు దేనికి ఎంత వాటా ఉన్నదో చెప్పడం కష్టం. అందువలన రెంటినీ కలిపి చెప్పడానికి సార్ప్షన్ అన్న పదాన్ని మెక్‌బెయిన్ 1909లో ప్రవేశపెట్టాడు. ఆ పదం ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఈ కొలతల కోసం 1926లో ఎ.ఎం.బకర్‌తో కలిసి ఒక త్రాసును రూపొందించాడు. సన్నని క్వార్ట్జ్ తీగను స్ప్రింగులా చుట్టి, దాని చివర చిన్న గిన్నెలో ఘనపదార్థాన్ని ఉంచుతారు. మొత్తం అమరిక మూసిన గాజు గొట్టంలో ఉంటుంది. ఘనపదార్థం వాయువును గ్రహించిన కొద్దీ బరువెక్కి స్ప్రింగు సాగుతుంది. ఆ సాగుదలను బయటి నుండి సూక్ష్మదర్శినితో కొలుస్తారు. మెక్‌బెయిన్-బకర్ త్రాసుగా ఈ పరికరం ప్రసిద్ధి చెందింది.

సబ్బు ద్రావణంలోని చిక్కు

సబ్బు అనేది కొవ్వు ఆమ్లాల సోడియం లేదా పొటాషియం లవణం. దీని అణువుకు ఒక చివర నీటితో కలిసిపోయే, విద్యుదావేశం కల తల ఉంటుంది. రెండవ చివర నీటితో పొసగని పొడవైన హైడ్రోకార్బన్ తోక ఉంటుంది. ఇటువంటి అణువులు నీటి ఉపరితలానికి చేరి తలతన్యతను తగ్గిస్తాయి. వీటన్నిటికీ కలిపి సర్ఫాక్టెంట్లు అని పేరు. మన ఇళ్ళలో వాడే కుంకుడుకాయలోని సపోనిన్లు కూడా ఈ కోవలోనివే.

19వ శతాబ్దం చివర హైడెల్‌బర్గ్‌కు చెందిన క్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త సబ్బు ద్రావణాల మరుగు స్థానాన్ని కొలిచాడు. గాఢ ద్రావణాలలో కూడా మరుగు స్థానం నీటి మరుగు స్థానం కంటే దాదాపు పెరగలేదని ఆయనకు తోచింది. అనగా ద్రావణంలో విడి రేణువులు దాదాపుగా లేవు, సబ్బు అయాన్లుగా విడిపోని కొల్లాయిడ్ మాత్రమే అని ఆయన నిర్ణయించాడు.

మెక్‌బెయిన్, ఆయన సహచరి మిల్లిసెంట్ టేలర్ కలిసి సోడియం పామిటేట్ ద్రావణాల విద్యుద్వాహకతను జాగ్రత్తగా కొలిచి 1910లో ఫలితాలు ప్రకటించారు. సబ్బు నీరు విద్యుత్తును చక్కగా ప్రసరింపజేస్తున్నదని తేలింది. గాఢత పెరిగినప్పుడు కూడా వాహకత ఆశించినట్లు పడిపోలేదు. సబ్బు జలవిశ్లేషణ చెందడం వలన విడుదలైన క్షారమే విద్యుత్తును మోస్తున్నదని కొందరు వాదించారు. మెక్‌బెయిన్ బృందం ఆ క్షారాన్ని కూడా వేరుగా కొలిచి, అది అత్యల్పమని నిరూపించింది.

ఇప్పుడు చిక్కు మరింత స్పష్టమయింది. బాష్పపీడనం, ఘనీభవన స్థానం వంటి కొలతల ప్రకారం ద్రావణంలో రేణువుల సంఖ్య తక్కువ. విద్యుద్వాహకత ప్రకారం అయాన్లు ఎక్కువ. రెండు కొలతలూ సరైనవే. కాని రెండూ ఒకేసారి నిజం కావడం ఎలాగ అన్నది ఆనాటి సిద్ధాంతాలకు అందలేదు.

మిసెల్ భావన

ఈ చిక్కుకు 1913లో, ఫారడే సొసైటీ ఏర్పాటు చేసిన కొల్లాయిడ్ చర్చలో మెక్‌బెయిన్ ఒక పరిష్కారాన్ని సూచించాడు. సబ్బులోని ఋణావేశ అయాన్లు పదుల సంఖ్యలో ఒక చోట చేరి ఒకే రేణువుగా ఏర్పడతాయి. రేణువుల సంఖ్య తగ్గుతుంది కాబట్టి బాష్పపీడనం మీద ప్రభావం తక్కువ. ఆవేశం మాత్రం పోదు కాబట్టి విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది.

ఇంత పెద్ద రేణువు నీటిలో వేగంగా కదలలేదు కదా అన్న ఆక్షేపణకు ఆయన వద్ద లెక్క ఉంది. ఒకే పరిమాణం గల 8 గుండ్రని అయాన్లు కలిసి ఒక గోళమయితే ఆవేశం 8 రెట్లు పెరుగుతుంది. ఘనపరిమాణం 8 రెట్లు పెరిగినప్పుడు వ్యాసార్ధం 2 రెట్లు మాత్రమే పెరుగుతుంది. నీటి నిరోధం వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి విద్యుత్ క్షేత్రంలో గుంపు వేగం విడి అయాను వేగానికి 4 రెట్లు కావాలి. వాస్తవంలో గుంపు చుట్టూ సోడియం అయాన్లు మూగి ఈ వేగాన్ని తగ్గిస్తాయి. అయినా గుంపు కట్టినంత మాత్రాన వాహకత నశించదన్న వాదన నిలిచింది. ఇటువంటి పదార్థాలను ఆయన కొల్లాయిడ్ విద్యుద్విశ్లేష్యాలు అని పిలిచాడు.

ఈ గుంపులకు మిసెల్ అన్న పేరు స్థిరపడింది. లాటిన్ భాషలో చిన్న రేణువును సూచించే మాట నుండి పుట్టిన ఈ పేరును 19వ శతాబ్దంలో జీవశాస్త్రజ్ఞులు మరొక సందర్భంలో వాడారు.

ఈ భావనను పండితులు వెంటనే అంగీకరించలేదు. ఒకే ఆవేశం కల అయాన్లు ఒకదానినొకటి వికర్షించుకోవాలి తప్ప గుంపు కట్టడమేమిటని ఆశ్చర్యపోయారు. లండనులో జరిగిన ఒక సభలో మెక్‌బెయిన్ ఈ విషయం చెప్పగా, అధ్యక్షస్థానంలో ఉన్న పెద్ద ఆయన మాటలను అర్థంలేనివని కొట్టివేశాడన్న కథ కొల్లాయిడ్ శాస్త్రజ్ఞులలో తరతరాలుగా ప్రచారంలో ఉంది. హైడ్రోకార్బన్ తోకలు నీటికి దూరంగా ఒదిగిపోవడం వలన కలిగే లాభం, తలల మధ్య వికర్షణ వలన కలిగే నష్టాన్ని మించుతుందని తరువాతి పరిశోధనలు వివరించాయి. ఈ అంగీకారం కోసం మెక్‌బెయిన్ వాదనల మీద కాక కొలతల మీద ఆధారపడ్డాడు. వాహకత, బాష్పపీడనం, ఘనీభవనం, అయాన్ల చలనం, వ్యాపనం మొదలైన అన్ని మార్గాలలోనూ అదే ఫలితం వచ్చే వరకు కొలుస్తూ పోయాడు.

జెల్, సోల్, కర్డ్

1920లో మేరీ ఎవెలిన్ లెయింగ్‌తో కలిసి సోడియం ఓలియేట్‌పై చేసిన పరిశోధన ప్రత్యేకంగా పేర్కొనదగినది. (లెయింగ్ తరువాత మెక్‌బెయిన్ భార్య అయింది.) ఒకే గాఢత, ఒకే ఉష్ణోగ్రత గల ఈ సబ్బు ద్రావణాన్ని మూడు స్థితులలో నిలుపవచ్చు: ప్రవహించే సోల్, వణికే పారదర్శకమైన జెల్, తెల్లగా గడ్డకట్టిన కర్డ్. సోల్, జెల్ రెంటికీ విద్యుద్వాహకత, బాష్పపీడనం, వక్రీభవన గుణకం సమానంగా ఉన్నాయని వీరు చూపారు. తేడా యాంత్రిక ధర్మాలలో మాత్రమే ఉంది. అనగా జెల్ అయినంత మాత్రాన రేణువులు మారలేదు, అవి ఒకదానితో ఒకటి అల్లుకున్నాయి. కర్డ్ మాత్రం వేరు. అందులో సబ్బు సన్నని స్ఫటిక తంతువులుగా బయటపడుతుంది.

సబ్బు కాగులో ద్రవ స్ఫటికాలు

ఘనానికి, ద్రవానికి మధ్యస్థంగా ఉంటూ, ద్రవంలా ప్రవహించగలిగినా అణువులలో స్ఫటికం వంటి క్రమం ఉన్న స్థితిని ద్రవ స్ఫటికం అంటారు. కొన్ని పదార్థాలను వేడి చేసినప్పుడు ఈ స్థితి వస్తుంది. సబ్బు వంటి వాటిలో నీటి పాలు మారినప్పుడు కూడా వస్తుంది. అమోనియం ఓలియేట్ అనే సబ్బు నీటితో కలిసి ఇటువంటి స్థితిని ఇస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో లేమన్ మెక్‌బెయిన్ కంటే ముందే గమనించాడు. కాని ఏ ఉష్ణోగ్రత వద్ద, ఎంత నీటితో, ఎంత ఉప్పుతో ఏ ప్రావస్థ వస్తుందో పటంగా గీసిన ఘనత మెక్‌బెయిన్ బృందానిది.

ఈ పరిశోధనకు మూలం సబ్బు కర్మాగారం. సబ్బు వండేవారు కొవ్వును క్షారంతో పెద్ద కాగులలో ఉడికించి, ఉప్పు వేసి సబ్బును విడదీస్తారు. కాగును కదపకుండా ఉంచితే పైన నీట్ సబ్బు అనే శుభ్రమైన పొర, దాని కింద నైగర్ అనే మలినాలతో కూడిన సబ్బు ద్రావణం, ఒక్కొక్కప్పుడు అడుగున ఉప్పు, క్షారం కలిసిన నీరు ఏర్పడతాయి. ఉప్పు ఎప్పుడు, ఎంత వేయాలో చేతి అనుభవంతో తెలుసుకోవలసిందే. ఈ పొరలు సబ్బు, నీరు, ఉప్పు అనే అంశాల మధ్య సమతాస్థితిలో ఉండే ప్రావస్థలు మాత్రమేనని, గిబ్స్ ప్రావస్థా నియమానికి అవి కట్టుబడి ఉంటాయని మెక్‌బెయిన్ చూపాడు. 1925లో సోడియం పామిటేట్ మీద, 1926లో డబ్ల్యు.జె.ఎల్ఫర్డ్‌తో కలిసి పొటాషియం ఓలియేట్ మీద వెలువరించిన పత్రాలు ఈ వరుసలో ప్రధానమైనవి.

వీటిలో వింతైనది మిడిల్ సబ్బు. నీట్ సబ్బులో సుమారు మూడింట రెండు వంతులు సబ్బు ఉంటుంది, అయినా అది వేడిగా ఉన్నప్పుడు ప్రవహిస్తుంది. మిడిల్ సబ్బులో నీరు అంతకన్న ఎక్కువ. అయినా అది బంకగా, గట్టిగా ఉండి కాగులో కదలదు. అదనంగా నీరు పోస్తే పలుచబడాలి గాని గట్టిపడడం ఏమిటని పనివారికి అర్థమయ్యేది కాదు. పొరపాటున మిడిల్ సబ్బు ఏర్పడితే కాగు మొత్తం మొరాయించేది. మెక్‌బెయిన్ పటాలు ఆ ప్రమాదపు హద్దులను చూపాయి.

దీని కారణం తరువాత తెలిసింది. ఫ్రాన్సులో లుజ్జాటి బృందం 1957లో ఎక్స్-కిరణాల సహాయంతో ఈ ప్రావస్థల నిర్మాణాన్ని తేల్చింది. నీట్ సబ్బులో అణువులు రెండు వరుసల పలకలుగా పేర్చబడి, పలకల మధ్య నీరు ఉంటుంది. పలకలు ఒకదాని మీద ఒకటి జారగలవు. మిడిల్ సబ్బులో అణువులు పొడవైన కడ్డీలుగా ఏర్పడి, తేనెపట్టు గదుల వలె షడ్భుజాకార క్రమంలో నిలుస్తాయి. కడ్డీలు తమ పొడవు దిశలో మాత్రమే సులభంగా జారగలవు కాబట్టి అది గట్టిగా ఉంటుంది. కడ్డీల మందం, వాటి మధ్య దూరం కొన్ని నానోమీటర్లు మాత్రమే.

స్టాన్‌ఫర్డ్‌లో

1927లో మెక్‌బెయిన్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఆచార్యుడుగా వెళ్ళాడు. 1947లో పదవీ విరమణ చేసే వరకు అక్కడే ఉన్నాడు. రాబర్ట్ వోల్డ్ మొదలైన సహచరులతో సబ్బుల ప్రావస్థ పటాలను విస్తరించాడు.

ఈ కాలంలో చేసిన పనులలో ఒకటి గిబ్స్ అధిశోషణ సమీకరణాన్ని సూటిగా పరీక్షించడం. ద్రావణం ఉపరితలంలో ఎంత పదార్థం అధికంగా చేరుతుందో తలతన్యత నుండి లెక్కించవచ్చని గిబ్స్ 19వ శతాబ్దంలోనే చెప్పాడు. కాని ఆ పలుచని పొరను తీసి పరీక్షించినవారు లేరు. మెక్‌బెయిన్ బృందం 1932లో పట్టాల మీద వేగంగా దూసుకుపోయే ఒక కత్తిని అమర్చి, ద్రావణం పై నుండి సుమారు 0.1 మిల్లీమీటరు మందం గల పొరను చెక్కి తీసింది. దానిలోని గాఢతను లోపలి ద్రావణం గాఢతతో పోల్చగా, ఫలితం గిబ్స్ లెక్కకు సరిపోయింది.

గాలి ఊదడం వలన బొంగరం వలె అతివేగంగా తిరిగే చిన్న అపకేంద్ర యంత్రాలను కూడా ఈయన ప్రయోగశాల తయారు చేసింది. ఖరీదైన యంత్రాలు లేనివారు సైతం కొల్లాయిడ్ రేణువులను అధ్యయనం చేయడానికి ఇవి వీలు కలిగించాయి. నీటిలో కరగని రంగులు, నూనెలు మిసెల్ల లోపల తలదాచుకుని కరిగినట్లు కనిపించడాన్ని ఈయన విస్తారంగా పరిశోధించాడు. సబ్బు జిడ్డును వదిలించే తీరులో ఇదొక భాగం.

హార్ట్లీతో అభిప్రాయ భేదం

మిసెల్ ఉన్నదని అందరూ అంగీకరించిన తరువాత అది ఏ ఆకారంలో ఉంటుందన్న చర్చ మొదలయింది. ద్రావణంలో రెండు రకాల మిసెల్లు ఉంటాయని మెక్‌బెయిన్ అభిప్రాయం: ఆవేశం కల చిన్న గోళాలు ఒకటి, ఆవేశం దాదాపుగా లేని పలకల వంటి పెద్ద రేణువులు రెండవది. బ్రిటిష్ శాస్త్రవేత్త జి.ఎస్.హార్ట్లీ 1936లో ప్రచురించిన గ్రంథంలో ఒకే రకం గోళాకార మిసెల్ సరిపోతుందని, దాని లోపలి భాగం ద్రవం వలె ఉంటుందని వాదించాడు. పలుచని ద్రావణాల విషయంలో తరువాతి ప్రయోగాలు హార్ట్లీనే సమర్థించాయి. మెక్‌బెయిన్ మాత్రం పలకల మిసెల్లను చాలా కాలం విడిచిపెట్టలేదు. గాఢత పెరిగినప్పుడు గోళాలు కడ్డీలుగా, ఆపైన పలకలుగా మారడం నిజమే. కాని అవి ద్రవ స్ఫటిక ప్రావస్థలలోనివి. పలుచని ద్రావణంలో పలకలు ఉంటాయన్న ఆయన ఊహ నిలువలేదు.

అణు జల్లెడలు

1932లో మెక్‌బెయిన్ సార్ప్షన్‌పై తన బృహత్ గ్రంథాన్ని ప్రచురించాడు. చాబజైట్ అనే జియోలైట్ ఖనిజంలోని నీటిని వేడి చేసి తొలగిస్తే, అది చిన్న అణువులను లోపలికి రానిచ్చి పెద్ద అణువులను ఆపివేస్తుంది. ఖనిజంలోని రంధ్రాలన్నీ ఒకే పరిమాణంలో ఉండడమే దీనికి కారణం. పిండిని జల్లించినట్లు అణువులను జల్లించే ఇటువంటి పదార్థాలకు అణు జల్లెడలు అని మెక్‌బెయిన్ పేరు పెట్టాడు. తరువాతి దశాబ్దాలలో కృత్రిమ జియోలైట్లు పెట్రోలియం శుద్ధిలోను, వాయువులను ఆరబెట్టడంలోను విరివిగా వాడుకలోకి వచ్చాయి.

సబ్బు ద్రవ స్ఫటికాలకు, అణు జల్లెడలకు సంబంధం ఉండగలదని మాత్రం ఆ కాలంలో ఎవరికీ తోచలేదు. ఒకటి మెత్తని పదార్థం, రెండవది రాయి.

పుణె జాతీయ రసాయన ప్రయోగశాల

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో భారత ప్రభుత్వం శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జాతీయ ప్రయోగశాలలను నెలకొల్పింది. వాటిలో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఒకటి. దీనిని 1950 జనవరి 3న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించాడు. మొదటి డైరెక్టరుగా మెక్‌బెయిన్ వచ్చాడు. పదవీ విరమణ చేసి విశ్రాంతి తీసుకోవలసిన వయసులో, 67 ఏళ్ళు దాటిన తరువాత, కొత్త దేశంలో కొత్త సంస్థ బాధ్యతను స్వీకరించాడు. 1952 వరకు ఈ పదవిలో ఉన్నాడు. ఆయన తరువాత బ్రిటిష్ శాస్త్రవేత్త జి.ఐ.ఫించ్, ఆయన తరువాత 1957లో తొలి భారతీయ డైరెక్టరుగా కె.వెంకటరామన్ బాధ్యతలు చేపట్టారు.

ఈ ప్రయోగశాల తరువాతి కాలంలో జియోలైట్ ఉత్ప్రేరకాల పరిశోధనకు దేశంలో ప్రధాన కేంద్రమయింది. తెలుగు రసాయన శాస్త్రవేత్త ఎ.వి.రామారావు ఇక్కడ అనేక సంవత్సరాలు పరిశోధన చేసి, 1985లో హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనాశాలకు డైరెక్టరుగా వెళ్ళాడు. ఆ సంస్థే తరువాత భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయింది.

మరణం

పుణె నుండి తిరిగి వెళ్ళిన కొద్దికాలానికే, 1953 మార్చి 12న, మెక్‌బెయిన్ స్టాన్‌ఫర్డ్‌లో మరణించాడు. అప్పటికి ఆయనకు 71 సంవత్సరాలు నిండడానికి 10 రోజులు తక్కువ. మిసెల్లలో ఇతర పదార్థాలు కరిగే తీరుపై ఆయన భార్య మేరీ ఎవెలిన్ లెయింగ్ మెక్‌బెయిన్, ఎరిక్ హచిన్సన్ కలిసి రచించిన గ్రంథం 1955లో వెలువడింది.

మరణానంతరం: ద్రవ స్ఫటికం అచ్చుగా

జియోలైట్ల రంధ్రాలు చాలా చిన్నవి, సాధారణంగా 1 నానోమీటరుకు అటు ఇటుగా ఉంటాయి. పెద్ద అణువులు వాటిలోకి దూరలేవు. అందువలన అంతకన్న పెద్దవైన, అయినా ఒకే పరిమాణం గల రంధ్రాల కోసం శాస్త్రజ్ఞులు చాలా కాలం ప్రయత్నించారు. జపానులోని వాసెడా విశ్వవిద్యాలయంలో కురోడా బృందం 1990లో ఈ దారిలో తొలి అడుగు వేసింది. 1992లో అమెరికాకు చెందిన మొబిల్ చమురు సంస్థ శాస్త్రజ్ఞులు ఎంసీఎం-41 అనే సిలికాను ప్రకటించారు.

దీని తయారీ సూత్రం సులభమైనది. సర్ఫాక్టెంట్ అణువులు నీటిలో కడ్డీల వంటి మిసెల్లుగా ఏర్పడతాయి. సిలికాను ఇచ్చే పదార్థాన్ని ఆ నీటిలో కలిపితే, అది కడ్డీల చుట్టూ చేరి గట్టిపడుతుంది. కడ్డీలు, సిలికా కలిసి మిడిల్ సబ్బులోని షడ్భుజాకార క్రమాన్నే పొందుతాయి. తరువాత దానిని 500 డిగ్రీలకు పైగా వేడి చేస్తే సర్ఫాక్టెంట్ కాలిపోతుంది. కడ్డీలు ఉన్న చోట ఖాళీ గొట్టాలు మిగులుతాయి. మైనపు బొమ్మ చుట్టూ మట్టి పూసి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహాన్ని పోసే విగ్రహ శిల్పుల పద్ధతికి ఇది దగ్గర బంధువు. రంధ్రాల వ్యాసం 1.5 నుండి 10 నానోమీటర్ల వరకు కావలసినట్లు మార్చుకోవచ్చు. సర్ఫాక్టెంట్ తోక పొడవు పెంచితే రంధ్రం పెద్దదవుతుంది. ఒక గ్రాము పదార్థంలో సుమారు 1000 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. దీనిని కొలిచేది మెక్‌బెయిన్ పేరు పెట్టిన సార్ప్షన్ ప్రక్రియతోనే.

ఎంసీఎం-41 తయారీలో ముందుగా ద్రవ స్ఫటికం ఏర్పడి తరువాత సిలికా చేరుతుందా, లేక రెండూ ఒకదానికొకటి తోడ్పడుతూ ఒకేసారి ఏర్పడతాయా అన్నది కొంతకాలం చర్చనీయాంశమయింది. వాడే సర్ఫాక్టెంట్ గాఢత ద్రవ స్ఫటికం ఏర్పడడానికి చాలనంత తక్కువగా ఉన్నప్పుడు కూడా పదార్థం తయారవుతున్నది కాబట్టి, సాధారణంగా రెండవదే జరుగుతుందని తేలింది. ముందే తయారై ఉన్న ద్రవ స్ఫటికాన్ని అచ్చుగా వాడే పద్ధతిని ఇంగ్లండులోని అటార్డ్ బృందం 1995లో చూపింది. ఈ పద్ధతిలో ప్రావస్థ పటమే వంటపుస్తకం. ఎంత నీరు, ఎంత సర్ఫాక్టెంట్, ఎంత వేడి అన్నది పటంలో చూసుకుని కావలసిన నిర్మాణాన్ని ఎంచుకోవచ్చు. 1997లో ఇదే మార్గంలో రంధ్రాలు గల ప్లాటినం పొరలను కూడా తయారు చేశారు. 1998లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలో ఎస్‌బీఏ-15 అనే, ఇంకా పెద్ద రంధ్రాలు గల సిలికా తయారయింది.

ద్రవ స్ఫటికాలను పదార్థాల తయారీకే కాక, తయారైన రేణువులను ఒక క్రమంలో కూర్చడానికి కూడా వాడుతున్నారు. మెక్‌బెయిన్ తొలి డైరెక్టరుగా ఉన్న పుణె ప్రయోగశాలలోనే 2010 ప్రాంతంలో ఇటువంటి పరిశోధన జరిగింది. సర్ఫాక్టెంట్ ద్రావణంలో రేణువులను కలిపి చల్లబరచినప్పుడు షడ్భుజాకార ప్రావస్థ ముక్కలు ముక్కలుగా పెరుగుతుంది. పెరుగుతున్న ముక్కలు తమలో ఇమడని రేణువులను హద్దుల వద్దకు నెట్టివేస్తాయి. అక్కడ రేణువులను ఒకదానితో ఒకటి అతికించి, సర్ఫాక్టెంట్‌ను కడిగివేస్తే వల వంటి, తనంత తాను నిలువగల పదార్థం మిగులుతుంది. ఒకప్పుడు సబ్బు కాగును మొరాయింపజేసిన ప్రావస్థే ఇక్కడ పనిముట్టు అయింది.

గౌరవాలు

1923లో లండను రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు.
1939లో రాయల్ సొసైటీ వారి డేవీ పతకం పొందాడు.

ముఖ్య రచనలు

ఘనపదార్థాలు వాయువులను, ఆవిరులను గ్రహించే ప్రక్రియపై గ్రంథం (1932)
కొల్లాయిడ్ శాస్త్రంపై పాఠ్యగ్రంథం (1950)

ఇవి కూడా చూడండి

సబ్బు
ద్రవ స్ఫటికం
తలతన్యత
కొల్లాయిడ్
జియోలైట్